బతికుండగానే పట్టిన తెగులు

దాడి జరిగి 40 కోట్ల 70 లక్షల ఏళ్లయింది. దెబ్బతిన్నది మోకాలెత్తు కూడా లేని ఓ మొక్క. నిందితుడు కంటికి ఆనని ఓ బూజు. కేసు మొదలైంది ఓ డాక్టరు చేతిలోని రాయితో. తీర్పు వచ్చింది లండన్ మ్యూజియంలోని ఓ గాజు పలక మీద. మధ్యలో శతాబ్దానికి పైగా శాస్త్రవేత్తలను తిప్పలు పెట్టిన ప్రశ్న ఒక్కటే: ఆ బూజు మొక్క చచ్చాక వచ్చిందా, చంపడానికి వచ్చిందా?

గోడలో రాయి

1912. స్కాట్లండ్ ఈశాన్య మూలన అబర్డీన్‌షైర్‌లో రైనీ అనే చిన్న ఊరు. చుట్టూ పచ్చిక బీళ్లు, చేలు. చేనుకూ చేనుకూ మధ్య మట్టి, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు. నాగలికి అడ్డొచ్చిన ప్రతి రాయినీ రైతులు ఏరి తెచ్చి ఆ గోడల్లోనే సర్దేవారు. ఎన్ని తరాలుగా సర్దుతున్నారో, ఏ రాయి ఏ చేలోదో చెప్పగలవాడు లేడు.

ఆ గోడల వెంట ఓ పెద్దమనిషి ఆగి ఆగి నడుస్తున్నాడు. పేరు విలియం మాకీ. ఎల్గిన్ పట్టణంలో వైద్యుడు. వయసు యాభై దాటింది. రోగుల నాడి చూడటం ఆయన వృత్తి, రాళ్ల నాడి పట్టుకోవడం వ్యసనం. తీరిక దొరికితే చాలు, సుత్తి తీసుకుని కొండల దారి పట్టేవాడు. అప్పట్లో ఆయన రైనీ పక్కనున్న క్రెయిగ్‌బెగ్, ఆర్డ్ హిల్ శిలల వరుసను ఒక్కొక్కటిగా నమోదు చేస్తున్నాడు.

గోడలో ఓ రాయి ఆయన కంట పడింది. చెకుముకి రాయి జాతిది, చెర్ట్ అంటారు. గట్టిది, నున్ననిది. ఇసుకరాళ్ల నేలలో దానికేం పని? విరిగిన చోట పరిశీలిస్తే సన్నని గీతలు, గీతల పక్కనే చిన్న చిన్న సున్నాలు. నిలువునా తెగిన కాడ గీతలా, అడ్డంగా తెగిన కాడ సున్నాలా కనిపిస్తుందని వృక్షశాస్త్రం చదివినవాళ్లకు తెలుసు. మాకీ గుండె ఒక్క క్షణం వేగంగా కొట్టుకునే ఉంటుంది.

అలాంటి రాళ్లు ఆ గోడల్లోనూ దున్నిన చేలల్లోనూ మరికొన్ని దొరికాయి. రాయిని పలచగా కోసి, గాజు పలకకు అతికించి, వెలుతురు అవతలికి పారేదాకా అరగదీశారు. ఆ స్లైడును సూక్ష్మదర్శిని కింద పెడితే శిలాజాలు చూడటానికి అలవాటుపడ్డ కళ్లు కూడా నమ్మలేని దృశ్యం. బొగ్గు పొరల్లో దొరికే చదునైన ఆకు ముద్రలు కావవి. నిలబడ్డ కాడలు నిలబడ్డట్టే ఉన్నాయి. లోపలి కణాలు వరుస చెదరలేదు. నీటిని పైకి తీసుకెళ్లే గొట్టాలు, కాడ చర్మం మీది రంధ్రాలు, పగలడానికి సిద్ధంగా ఉన్న సిద్ధబీజాల సంచులు... మొక్కను నిన్ననే కోసి తెచ్చారనిపించేలా ఉన్నాయి.

అయితే ఈ రాయి ఎక్కడిది? పైన ఎక్కడా దాని పొర కనబడదు. గోడల్లో, చేలల్లో విడి రాళ్లు మాత్రమే. 1912 అక్టోబరులో డేవిడ్ టెయిట్ అనే శిలాజాల సేకర్త ఆ చేలో కందకం తవ్వించాడు. మట్టి కింద, రైతుల నాగళ్లకు కాస్త లోతులో, చెర్ట్ పొర పడుకుని ఉంది. ఆ పొలంలో ఏటా విత్తనాలు చల్లినవాళ్ల పాదాల కిందే భూమ్మీద తొలినాళ్ల చిట్టడవి ఒకటి నిక్షేపంగా ఉందన్న మాట.

బుగ్గల ఒడ్డున

ఆ అడవి రాయిగా మారిన తీరు తెలిస్తే తప్ప ఈ కేసులో సాక్ష్యానికున్న బలం అర్థం కాదు.

40 కోట్ల 70 లక్షల ఏళ్ల కింద రైనీ ఉన్న భూభాగం ఇప్పుడున్న చోట లేదు. భూమధ్యరేఖకు దక్షిణాన ఉండేది. నేల కింద అగ్నిపర్వతాల వేడి. ఆ వేడికి మరిగిన నీళ్లు బుగ్గలుగా పైకి ఉబికి, పల్లానికి పారి, మడుగులు కట్టేవి. అమెరికాలోని ఎల్లోస్టోన్‌లో ఈనాటికీ అలాంటి బుగ్గలను చూడొచ్చు. కింది రాళ్లలోంచి వచ్చే ఆ నీళ్లు సిలికాను కరిగించుకుని తెచ్చేవి.

మడుగుల ఒడ్డున మొక్కలు. ఇప్పటి అడవిని ఊహించుకోవద్దు. చెట్లు లేవు, పూలు లేవు, గింజలు లేవు. చాలా మొక్కలకు ఆకులు, వేళ్లు కూడా లేవు. జానెడు, రెండు జానల పచ్చని కాడలు, కొసన సిద్ధబీజాల సంచులు. వాటి మధ్య నల్లులు, సాలెపురుగుల దాయాదులు, ఎగిరి దూకే సన్నని పురుగులు. అన్నిట్లోకీ కాస్త పొడగరి, కాడ నిండా పొలుసుల్లాంటి చిట్టి ఆకులున్న మొక్క ఒకటుంది. నేటి లైకోపోడియాల వంశానికి పూర్వీకుల వరుసలోనిది. దాని కాడను అడ్డంగా కోస్తే మధ్యలో నక్షత్రం ఆకారం కనిపిస్తుంది. ఈ కథలో బాధితురాలు అదే.

అప్పుడప్పుడూ బుగ్గ పొంగేది. వేడి తగ్గిన సిలికా నీళ్లు మొక్కలను ముంచేవి. సిలికా కణాల్లోకి ఇంకి గట్టిపడేది. కుళ్లడానికి వ్యవధి ఇచ్చేది కాదు. మొక్కే కాదు, దాని ఒంటి మీద ఆ క్షణాన ఏమేం ఉన్నాయో అన్నీ అలాగే బిగుసుకుపోయేవి. పురుగు ఉంటే పురుగు, నాచు ఉంటే నాచు. బూజు ఉంటే బూజు.

బ్యాంకు మానేసిన కిడ్‌స్టన్, ప్రొఫెసర్ లాంగ్

మాకీ దొరకబుచ్చుకున్న రాళ్లు ఇద్దరి చేతికి చేరాయి. మొదటివాడు రాబర్ట్ కిడ్‌స్టన్. ఒకప్పుడు గ్లాస్గోలో బ్యాంకు ఉద్యోగి, తర్వాత ఆ కొలువు మానేసి స్టర్లింగ్‌లోని తన ఇంటినే శిలాజ వృక్షాల పరిశోధనశాలగా మార్చుకున్నాడు. రెండోవాడు విలియం హెన్రీ లాంగ్. వైద్యం చదివి, వృక్షశాస్త్రం వైపు మళ్లి, మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యాడు.

యూరప్ అంతా యుద్ధంలో మునిగి ఉన్న రోజులు. కందకాలంటే జనానికి ఫ్రాన్స్‌లో సైనికులు నిలబడి చస్తున్నవే గుర్తొచ్చేవి. ఆ రోజుల్లోనే ఈ ఇద్దరూ రైనీ కందకంలోంచి వచ్చిన రాళ్ల మీద వంగి కూర్చున్నారు. ఎడింబరో రాయల్ సొసైటీ పత్రికలో 1917లో మొదటి వ్యాసం, 1921 నాటికి అయిదోది. మొదటి వ్యాసంలో వర్ణించిన మొక్కకు ఊరి పేరు కలిసొచ్చేలా రైనియా అని పెట్టారు. నక్షత్రం కాడ మొక్కకు 1920లో ఆస్టెరోజైలాన్ మాకియై అని పేరుపెట్టారు. రెండో సగం డాక్టర్ మాకీకి వాళ్లు తీర్చుకున్న రుణం.

అయిదో వ్యాసం మొక్కల గురించి కాదు. మొక్కల మధ్య, మొక్కల లోపల వాళ్లకు పదే పదే కనిపిస్తూ వచ్చిన మరో జీవుల గుంపు గురించి. ఎక్కడ చూసినా సన్నని పోగులు, గుండ్రని బుడగలు, మందపాటి గోడలున్న సిద్ధబీజాలు. శిలీంధ్రాలు! వాటిని రూపాన్ని బట్టి విడదీసి, ఒక్కోదాన్నీ గీసి, కొలిచి, పేరో అంకెనో ఇచ్చుకుంటూ పోయారు.

అక్కడే చిక్కు వచ్చిపడింది. రైనీలో మొక్కలు కుళ్లి పోగుపడ్డ పీటు పొరలున్నాయి. కుళ్లిన చోట బూజు ఉండటంలో వింత లేదు. చచ్చినదాన్ని తిని మట్టిలో కలిపేయడమే చాలా శిలీంధ్రాల జీవనం. కాబట్టి కాడ లోపల పోగు కనిపించినంత మాత్రాన అది మొక్కకు జబ్బు చేసిందనడం, శవం పక్కన కనిపించాడు కదా అని కాటికాపరిని హంతకుడనడమే. కిడ్‌స్టన్, లాంగ్ ఆ తొందర పడలేదు. చాలావరకు చచ్చిన మొక్కల మీద బతికినవే అని భావించారు. కొన్ని బతికున్న మొక్కతో సహజీవనం చేసి ఉండొచ్చన్న అవకాశాన్ని మాత్రం కొట్టిపారేయలేదు.

1924లో కిడ్‌స్టన్ కన్నుమూశాడు. ఆయన స్లైడ్లు గ్లాస్గో విశ్వవిద్యాలయం బీరువాల్లోకి వెళ్లాయి. ప్రశ్న కూడా వాటితోపాటే లోపలికి పోయింది.

తలుపు బయట పాటర్

ఇక్కడ ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. శిలీంధ్రాలను కళ్లతో కాక సూక్ష్మదర్శినితో చూసిన మరో మనిషి ఇదే స్కాట్లండ్‌లో కనిపిస్తుంది. ఆమె చేతిలో సుత్తి లేదు, కుంచె ఉంది. ఈ కేసు ముగింపులో ఆమెతో మళ్లీ పని పడుతుంది.

బియాట్రిక్స్ పాటర్ లండన్‌లోని సంపన్న కుటుంబంలో 1866లో పుట్టింది. ఆ రోజుల్లో అలాంటి ఇళ్లలో ఆడపిల్లను బడికి పంపేవారు కాదు. చదువు ఇంట్లోనే. వేసవులకు మాత్రం కుటుంబమంతా స్కాట్లండ్‌లోని పెర్త్‌షైర్ వెళ్లేది. ఆ అడవుల్లో దొరికే పుట్టగొడుగులంటే ఆమెకు ప్రాణం. దొరికిందల్లా గీసేది. గొడుగు రంగు, అడుగున మడతలు, కాడకు అంటుకున్న మట్టితో సహా.

1892లో ఆమెకు చార్లెస్ మెకింటాష్‌తో పరిచయం అయింది. రిటైరైన పోస్ట్‌మ్యాన్. ఉత్తరాలు పంచుతూ కాలినడకన తిరిగిన దారుల్లో ప్రతి నాచునూ ప్రతి పుట్టగొడుగునూ ఎరిగినవాడు. కుర్రతనంలో రంపపు మిల్లు ప్రమాదంలో ఓ చేతి వేళ్లు పోగొట్టుకున్నాడు. పుట్టగొడుగులను ఆయన పోస్టులో లండన్ పంపితే, ఆమె వాటి బొమ్మలు గీసి తిరిగి పంపేది. అందమైన బొమ్మ చాలదు, అడుగు మడతలు కనబడాలి, కోతలో లోపలి కట్టడం కనబడాలి అని ఆయన నేర్పాడు. 1893 సెప్టెంబరు 4న పెర్త్‌షైర్‌లోని డంకెల్డ్ నుంచి, జబ్బుపడ్డ ఓ చిన్నపిల్లాడికి ఆమె బొమ్మల ఉత్తరం రాసింది. పీటర్ అనే కుందేలు పుట్టింది ఆ ఉత్తరంలోనే. ఆ రోజుల్లో ఆమె మనసు నిండా ఉన్నవి మాత్రం పుట్టగొడుగులే.

బొమ్మలతో ఆగలేదు. పుట్టగొడుగు సిద్ధబీజాలను గాజు పలకల మీద మొలకెత్తించి, పోగులు సాగడం సూక్ష్మదర్శిని కింద చూస్తూ గీసింది. 1896లో మేనత్త భర్త, పేరున్న రసాయన శాస్త్రవేత్త సర్ హెన్రీ రాస్కో ఆమెను లండన్‌లోని క్యూ వృక్షశాస్త్ర ఉద్యానానికి తీసుకెళ్లాడు. అక్కడి పెద్దలు ఓ చిత్రకారిణి శాస్త్రం మాట్లాడటాన్ని పెద్దగా లక్ష్యపెట్టలేదు. చివరికి సిద్ధబీజాల మొలక మీద ఆమె రాసిన వ్యాసం 1897 ఏప్రిల్ 1న లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ ముందుకు వచ్చింది. సమర్పించింది ఆమె కాదు, క్యూకి చెందిన జార్జ్ మాసీ. స్త్రీలకు ఆ సభలో అడుగుపెట్టే అర్హత లేదు. సొసైటీ తలుపులు స్త్రీలకు తెరుచుకోవడానికి ఇంకా ఏడెనిమిదేళ్లు పట్టింది.

వ్యాసం అచ్చు కాలేదు. ఆమె వెనక్కి తీసుకుంది. ఆ రాతప్రతి ఈనాటికీ దొరకలేదు. 1902లో కుందేలు కథ పుస్తకమై ప్రపంచమంతా పాకింది. ఆ తర్వాత ఆమె ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో పొలాలు కొని, గొర్రెలు పెంచుతూ స్థిరపడింది. 1943లో చనిపోయేటప్పుడు పుట్టగొడుగుల బొమ్మలను ఆంబుల్‌సైడ్‌లోని ఆర్మిట్ సంస్థకు రాసిచ్చింది. లిన్నేయన్ సొసైటీ ఆమె పట్ల తాను వ్యవహరించిన తీరు తప్పని ఒప్పుకున్నది 1997లో, ఆ సమావేశం జరిగిన నూరేళ్లకు.

అతిథా, దొంగా?

బీరువాలోకి వెళ్లిన రైనీ ప్రశ్న మళ్లీ బయటికి రావడానికి దశాబ్దాలు పట్టింది. జెఫ్రీ లయన్ అనే వృక్షశాస్త్రవేత్త 1950ల చివర్లో రైనీ రాళ్లను మళ్లీ పట్టుకున్నాడు. తర్వాత అక్కడ కొత్తగా కందకాలు తవ్వించాడు. ఆ స్థలాన్ని తానే కొని 1982లో ప్రకృతి సంరక్షణ సంస్థకు అప్పగించాడు. దాంతో ఆ పొర ఎవరి ఇష్టానికో తవ్వుకుపోయే ప్రమాదం తప్పింది.

జర్మనీలో మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన విన్‌ఫ్రీడ్ రెమీ, హాగెన్ హాస్, హాన్స్ కెర్ప్, అమెరికా నుంచి థామస్ టేలర్ రైనీ స్లైడ్లలో ప్రత్యేకంగా శిలీంధ్రాల కోసం వెతకడం మొదలుపెట్టారు. వాళ్ల చేతుల్లో ప్రశ్న రెండుగా చీలింది. బూజు వచ్చేసరికి మొక్క బతికి ఉందా? బతికే ఉంటే, వచ్చినవాడు అతిథా, దొంగా?

ముందు అతిథి సంగతి. 1994లో వాళ్లు ఆగ్లావోఫైటాన్ అనే రైనీ మొక్క కాడలో ఓ వింత చూపించారు. చర్మానికి కాస్త లోపల, ఒక పట్టీ లాంటి వరుసలోని కణాల్లో మాత్రమే శిలీంధ్రం చిన్న చిన్న కొమ్మలుగా చీలి ఉంది. ఆ కణాలు పగల్లేదు, వాడిపోలేదు. ఇప్పటి మొక్కల వేళ్లలో భాస్వరాన్ని మట్టి నుంచి తెచ్చిచ్చి, బదులుగా మొక్క దగ్గర చక్కెర పుచ్చుకునే మైకోరైజా శిలీంధ్రాలు చేసే పని సరిగ్గా ఇదే. అంటే మొక్క, బూజు మధ్య ఇచ్చిపుచ్చుకోవడం వేళ్లు లేని మొక్కల్లోనూ ఉంది. లోపల బూజు ఉంటే జబ్బే అనే వాదన అక్కడికి వీగిపోయింది.

దొంగ జాడ అంతకు రెండేళ్ల ముందే తగిలింది. రైనీ మడుగుల నీళ్లలో పెరిగిన పేలియోనిటెల్లా అనే నాచును టేలర్, రెమీ, హాస్ పరిశీలించారు. కొన్ని కణాలు పక్క కణాల కంటే చాలా పెద్దగా ఉబ్బిపోయి ఉన్నాయి. ఉబ్బిన ప్రతి కణానికీ చిన్న శిలీంధ్రం అంటుకుని ఉంది. శిలీంధ్రం లేని కణాలు మామూలుగానే ఉన్నాయి. నేటి మంచినీటి నాచుల్లోనూ పరాన్నజీవి అంటుకుంటే కణం ఇలాగే ఉబ్బుతుంది. చచ్చిన కణం కుళ్లుతుందే గాని పెరగదు. కాబట్టి దాడి జరిగినప్పుడు ఆ నాచు బతికే ఉంది. 1992లో నేచర్ పత్రికలో అచ్చయిన ఆ వ్యాసంతో కేసుకు అసలైన ఆధారం ఎక్కడ వెతకాలో తెలిసింది. దొంగ వేలిముద్రల్లో కాదు, ఇంటివాళ్లు తలుపుకు అడ్డంగా జరిపిన బల్లల్లో!

2007లో మ్యూనిక్‌కు చెందిన మైఖేల్ క్రింగ్స్ బృందం నోథియా అనే మొక్కలో ఆ బల్లలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. నేలను అంటుకుని పాకే కాడలోకి మూడు రకాల శిలీంధ్రాలు చొరబడ్డాయి. మొక్క ఊరుకోలేదు. లోపలికి వచ్చిన పోగుల చుట్టూ తొడుగులు కట్టింది. బూజు పట్టిన భాగానికీ పట్టని భాగానికీ మధ్య కణాల గోడలను మందం చేసి వేరుపరిచింది. జబ్బు ముదిరినచోటుకు హద్దు గీసి మిగతా ఒంటిని కాపాడుకునే ఆ ఒడుపు నేటి పంట మొక్కల్లోనూ ఉంది.

అయినా ఒక లోటు మిగిలింది. నేడు పొలాల్లో రైతును ముంచే తెగుళ్లలో పెద్ద భాగం ఆస్కోమైకోటా అనే శిలీంధ్ర వంశానివి. మన వరిలో అగ్గి తెగులు, మిరపలో కాయకుళ్లు, మామిడిలో బూడిద తెగులు కలిగించేవి ఆ వంశంవే. రైనీలో ఆ వంశం ఉనికి చాలా తక్కువ. అది జబ్బు చేసినట్టు చూపే సాక్ష్యం కావాలి.

గాజు పలక మీద గుబ్బలు

2015. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం. ఫ్రెంచ్ శాస్త్రవేత్త క్రిస్టీన్ స్ట్రూల్యూ-డెరియన్ సూక్ష్మదర్శిని కింద ఓ రైనీ స్లైడ్ ఉంది. ఆమె అప్పటికే రైనీ మొక్కల్లోని శిలీంధ్రాల మీద పేరు తెచ్చుకున్న మనిషి. స్లైడులోని కాడ కొత్తది కాదు. మధ్యలో నక్షత్రం, చుట్టూ పొలుసులు. ఆస్టెరోజైలాన్ మాకియై.

కాడ అంచున మాత్రం ఆమె అంతకుముందు చూడనిది ఒకటి ఉంది. మొక్క చర్మం మీదుగా పైకి లేచిన శిలీంధ్రపు కాడలు, వాటి మీద సిద్ధబీజాలు. ఆడ, మగ కలయిక లేకుండా విరివిగా బీజాలను వెదజల్లే ఏర్పాటు అది, ఆస్కోమైకోటా వంశంలో కనిపించే తరహాది. దాని ఆకారం, కట్టడం రైనీలో అప్పటిదాకా నమోదైన ఏ శిలీంధ్రంతోనూ సరిపోలేదు.

ఆ చోట మొక్క చేసిన పని ఇంకా ముఖ్యం. బూజు దిగిన దగ్గర కాడ కణజాలం గుబ్బలా పైకి ఉబ్బి ఉంది. ఆరోగ్యంగా ఉన్న ఆస్టెరోజైలాన్ కాడల్లో అలాంటి గుబ్బలుండవు. నాచు కణం చెప్పిన సాక్ష్యాన్నే ఇప్పుడు నేల మీది మొక్క కూడా చెబుతోంది: నేను బతికుండగానే ఇది నా మీద పడింది.

ఇంత దొరికాక ఎవరికైనా చేతులు ఆగవు. పేరు పెట్టాలి, ప్రకటించాలి. ఆమె ఆగింది. ఉన్నది ఒకే ఒక్క నమూనా. ఒక్క స్లైడులో కనిపించింది ఏదో వింత కావచ్చు, అరుదైన గాయం కావచ్చు. రెండో నమూనా లేనిదే కొత్త జాతి అనడానికి ధైర్యం చాలదు. అది స్కాట్లండ్ జాతీయ మ్యూజియాల సేకరణలోని మరో రైనీ రాతి ముక్కలో కనిపించింది. అదే శిలీంధ్రం. మళ్లీ ఆస్టెరోజైలాన్ మీదే.

రాయిని ఇంకా అరగదీస్తే ఆధారమే అరిగిపోతుంది. అందుకే లేజర్ కాంతితో పొర తర్వాత పొరను చదివే కాన్ఫోకల్ సూక్ష్మదర్శినిని వాడారు. సిలికాలో బిగుసుకున్న సేంద్రియ పదార్థం ఆ కాంతికి వెలుగుతుంది. ఒక్కో లోతులో తీసిన చిత్రాలను కంప్యూటర్‌లో పేరిస్తే శిలీంధ్రం నిలువెత్తు రూపం తేలుతుంది. మాకీ కాలంలో ఈ సదుపాయం లేదు. రాయి మాత్రం అదే.

దాడి ఇలా జరిగింది

ఇప్పుడు ఆధారాలన్నీ ముందు పెట్టుకుని ఆ ఘట్టాన్ని కూర్చుకోవచ్చు.

బుగ్గల పక్కన తడి నేల. ఆస్టెరోజైలాన్ కాడలు నిలబడి ఉన్నాయి. ఓ సిద్ధబీజం కాడ మీద పడింది. గాలి తెచ్చి ఉంటుంది, లేదా నీటి తుంపర. తడి తగిలి మొలక వేసింది, పోగు సాగింది. మొక్క పసిగట్టింది. ఆ మొక్కకు మెదడు లేదు, నరాలు లేవు, కాని తన గోడను ఎవరో తాకారని కణాలకు తెలుసు. దాడి జరిగిన చోట కణాలు పెరిగి గుబ్బ కట్టాయి. శిలీంధ్రం వెనక్కి తగ్గలేదు. పైకి లేచి, సిద్ధబీజాలు తయారుచేసింది. అవి ఊడి పక్క కాడల మీద పడితే మళ్లీ ఇదే కథ.

ఈ పోరులో ఎవరు గెలిచేవారో తేలకముందే బుగ్గ పొంగింది. సిలికా నీళ్లు ఇద్దరినీ కలిపి ముంచాయి. అప్పటికి నేల మీద మొక్కలు వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఆకు, వేరు, చెట్టు అనేవి ఇంకా సరిగా రూపుదిద్దుకోలేదు. తెగులు మాత్రం అప్పటికే వచ్చేసింది, దాన్ని తట్టుకునే నేర్పు కూడా.

ఇద్దరి పేర్లు

2023 డిసెంబరులో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వ్యాసం వెలువడింది. శిలీంధ్రం పేరు పాటెరోమైసిస్ ఆస్టెరోజైలికోలా. మొదటి సగం బియాట్రిక్స్ పాటర్‌ది. పుట్టగొడుగుల మీద ఆమె చేసిన పనికి శాస్త్రం ఆలస్యంగా వేసిన గుర్తింపు ముద్ర.

ఇప్పుడు వ్యాసంలో రెండు పేర్లు పక్కపక్కన ఉంటాయి. తెగులు సోకిన మొక్కకు రోగులను చూసుకుంటూ తీరిక వేళల్లో రాళ్లు ఏరిన మాకీ పేరు. తెగులు తెచ్చిన శిలీంధ్రానికి సభలోకి అడుగుపెట్టనివ్వని పాటర్ పేరు. ఇద్దరూ ఆ శాస్త్రాల్లో ఉద్యోగాలు చేసినవాళ్లు కారు. ఒకరు గోడలోని రాయి దగ్గర ఆగి చూశారు, ఇంకొకరు గాజు పలక మీద మొలకెత్తే బీజం పక్కన కూర్చుని చూశారు. ఈ కేసులో తీర్పు రావడానికి కావలసిన రెండు పనులూ అవే.

కిడ్‌స్టన్, లాంగ్ తేల్చలేకపోయిన ప్రశ్నకు జవాబు బూజును ఇంకా దగ్గరగా చూడటంలో దొరకలేదు. మొక్కను చూడటంలో దొరికింది. రైనీ రాళ్ల స్లైడ్లు ఎడింబరో, గ్లాస్గో, లండన్, మ్యూన్‌స్టర్ సేకరణల్లో ఇంకా ఎన్నో ఉన్నాయి. వాటిలో ఫలానా శిలీంధ్రం ఉందని గతంలో రాసిపెట్టిన ప్రతి స్లైడునూ మళ్లీ తీయాల్సిందే. ఈసారి అడగాల్సింది బూజు ఎక్కడుందని కాదు, దాన్ని చూసి మొక్క ఏం చేసిందని.